నెమ్మదిగా నడిపితేనే కుదుపు

యాంగోన్‌లో, తామ్వే పేటలో, చీకటి పడే వేళ. మోటార్ల వేగాన్ని అదుపుచేసే కరెంటు పెట్టెలు, అదే డ్రైవులు, బాగుచేసే చిన్న దుకాణం, దాని వెనకే ఇల్లు. దుకాణం వాసుదేవరావుది. ఎదుట కూర్చున్నది ఆయన భార్య మేనకోడలు సుధామణి. ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ సెక్షన్ చూసుకుంటుంది.

“ఏప్రిల్ పదమూడు. నీళ్ల పండగ మొదటి రోజు. ఇక్కడే తిన్నాం, తాటిబెల్లం పెట్టిన పిండి ఉండలు.”

“తిండి సంగతి కాదు మావయ్యా. మీ శిష్యుడు త్రినాథ్ ఎన్నింటికి వచ్చాడు?”

“ఉండలు ఉడికి పైకి తేలుతుంటే వచ్చాడు.”

“అదొక టైమా?”

“నాకు అదే గుర్తు. ఒక ఉండలో బెల్లం బదులు మిరపకాయ పెడతారు కదా, ఆటకి. అది నా గిన్నెలో పడింది. వాడు చూసి, తన ఉండ నాకిచ్చి అది తినేశాడు.”

“మంచోడిలా కనబడ్డాడన్నమాట.”

“కనబడ్డం కాదమ్మా, తిన్నాడు.”

“ఆ రోజు మా ఫ్యాక్టరీలో మిషను బాగుచేస్తూ ఒక్కడే ఉన్నాడు. డ్రైవు పెట్టె విప్పింది వాడొక్కడే. పండగ అయ్యాక బట్ట పరిచే మిషను కుదపడం మొదలెట్టింది. పొరలన్నీ జరిగిపోయి, కోసిన చొక్కా ముక్కలు ఒకదానికొకటి కలవలేదు. లాటు మొత్తం పోయింది. ఇప్పుడు వీడు కనబడట్లేదు. ఏటనుకోవాలి?”

“భయపడ్డాడనుకోవచ్చు.”

“తప్పు చెయ్యనోడికి భయమెందుకు?”

“ఈ ఊళ్లో ఉంటూ, పోలీసుల సంగతి తెలిసీ ఆ మాట అంటున్నావా?”

“వాడెక్కడున్నాడో మీకు తెలుసు.”

“టీ తాగు. చల్లారిపోతుంది.”

“నేను వచ్చేసరికే ఇక్కడ రెండు గ్లాసులున్నాయి. రెండోది ఎవరికి?”

“మీ అత్తకి.”

“అత్త పోయి మూడేళ్లయింది.”

“చెయ్యి ఇంకా అలవాటు మానలేదమ్మా.”

“అయ్యో. అడక్కుండా ఉండాల్సింది.”

“పర్లేదు.”

“మరి అంత గొంతు తగ్గించి మాట్లాడతారేం?”

“పక్కింటావిడ డో మ్యా గారికి ఒంట్లో బాగులేదు.”

“మొన్న బజార్లో చేపలవాడితో తగువులాడుతోంది.”

“మొన్న బాగానే ఉంది.”

“మావయ్యా, రేపు పొద్దున్న మేనేజరు పోలీసులకి పేరు ఇస్తాడు. కావాలనే మిషను పాడుచేశాడని. పక్కన నిలబడి నేను అవుననాలి. అందుకే డ్రైవు ముందే మీకు తెచ్చిచ్చాను. పెట్టె సెట్టింగుల్లో ఒక అంకె ఎవరో మార్చారని మిషను కంపెనీ మనిషి అన్నాడు.”

“మార్చారు. మార్చింది త్రినాథే.”

“చూశారా.”

“పూర్తిగా విను. లోపల జంట స్విచ్చులుంటాయి, పైన ఒకటి, కింద ఒకటి. ఒకటి ఆఫ్ అయ్యాకే రెండోది ఆన్ అవ్వాలి. రెండూ ఒక్కసారి ఆన్ అయ్యాయా, పేలిపోతాయి. అందుకని మధ్యలో రెండూ ఆగి ఉండే చిన్న విరామం పెడతారు. మీ పాత స్విచ్చులు కాలిపోయాయి. అసలు సరుకు దొరక్క వాడు వేరే రకం వేశాడు. అవి ఆఫ్ అవడం కాస్త ఆలస్యం. అందుకే విరామం పెంచాడు. పెంచకపోతే పెట్టె అంటుకునేది. పక్కనే బట్ట గుట్టలు, మీ దగ్గర పనిచేసే ఆడపిల్లలు.”

“మరి కుదుపు?”

“ఆ విరామం వల్ల మోటారుకి వెళ్లే వోల్టేజిలో కొంచెం తేడా పడుతుంది. ఆ తేడాని సరిచేసే అంకె ఇంకోటి ఉంది. అది పాతదే ఉండిపోయింది.”

“వేగంగా నడిపితే బాగానే ఉందిగా. నెమ్మదిగా నడిపితేనే కుదుపు. ఎవరికీ దొరక్కూడదనే అలా చేశాడని అందరూ అంటున్నారు.”

“బస్తా బియ్యంలో గుప్పెడు అటూ ఇటూ అయితే ఎవరికి తెలుస్తుంది? గ్లాసెడు బియ్యంలో అయితే తెలుస్తుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు మోటారుకి ఇచ్చేదే గ్లాసెడు.”

“వాడు నెమ్మదిగా నడిపి చూసుకోవద్దా?”

“బట్ట లేదు, పరిచే మనుషులు లేరు. ఊరంతా వీధుల్లో నీళ్లు జల్లుకుంటోంది. వట్టి మిషను వేగంగా తిప్పి, బాగుందనుకుని ఇక్కడికొచ్చాడు. అదే వాడి తప్పు.”

“వట్టి మిషను తిప్పాడని మీకెవరు చెప్పారు?”

“అలా అయ్యుంటుందని...”

“అయ్యుంటుందని అనలేదు మీరు. పక్కనుండి చూసినట్టు చెప్పారు.”

“పాఠాలు చెప్పినవాణ్ణి కదా. ఊహించిందైనా చూసినట్టే చెబుతాను.”

“నా దగ్గర ఏదో దాస్తున్నారు.”

“నువ్వూ దాస్తున్నావు.”

“నేనా?”

“పండగ రోజు ఫ్యాక్టరీ మూసేస్తారు. వాడికి తాళం ఎవరిచ్చారు?”

“అది... తాళం అంటే...”

“ఇంకొంచెం టీ పొయ్యనా?”

“నేనే ఇచ్చాను. సెలవులయ్యేసరికి మిషను తిరగాలని నేనే బతిమాలాను. మేనేజరుకి చెప్పలేదు. వాడి పేరు చెబితే వాడితో ఆగిపోతుంది. చెప్పకపోతే తరవాతి పేరు నాదే. నాకు పిల్లలున్నారు మావయ్యా.”

“తెలుసమ్మా. ఇలా రా. రెండో అంకె ఇందాకే సరిచేశాను. మోటారు తిప్పుతున్నా. ఏటైనా వినబడుతోందా?”

“ఏటీ లేదు. తిరుగుతోందా అసలు?”

“ఇరుసు మీద వేలు ఆనించు.”

“తిరుగుతోంది. కుదుపు లేదు.”

“ఒక్క చోటే జాగ్రత్తపడాలి. కరెంటు అటు పోతుంటే వోల్టేజి కలపాలి, ఇటు పోతుంటే తియ్యాలి. సున్నా దగ్గరకొచ్చినప్పుడు ఎటు పోతోందో సరిగ్గా తెలీదు. తొందరపడి ఊహించామా, ఉన్న తేడా రెట్టింపవుతుంది. అందుకని అక్కడ దిద్దుబాటు దాదాపు ఆపేశాను. ఎటో తేలాకే మళ్లీ మొదలవుతుంది.”

“నన్నేనా అంటున్నారు?”

“మోటారు సంగతి చెబుతున్నా.”

“మీకు ఎప్పుడూ మోటారు సంగతే.”

“రేపు ఏటి చెబుతావు?”

“డ్రైవు పట్టుకెళ్తాను. మేనేజరు ఎదటే బిగించి, బట్ట వేసి, నెమ్మదిగా నడిపిస్తాను. అది చూశాక చెబుతాను, తాళం నేనే ఇచ్చానని. తిరిగితే చాలు, పండక్కి వెళ్లిపో అన్నదీ నేనే అని.”

“అలా అన్నావా?”

“అన్నాను.”

“ఉద్యోగం పోతే?”

“మీ దగ్గర కూర్చుని గ్లాసులు కడుగుతాను.”

“మంచిదే. నాకు అవి సరిగ్గా కడగడం రాదు.”

“బస్సు వెళ్లిపోతుంది, వస్తాను. త్రినాథ్ కనబడితే చెప్పండి. సుధక్క వాడి పేరు చెప్పదని.”

“పొద్దున్న నువ్వే చెప్పుకో.”

“ఏటీ?”

“మెల్లగా. తలుపు చప్పుడవకుండా దగ్గరికి వేసి వెళ్లమ్మా. ఆ రెండో గ్లాసు వాడిది. లోపల వాడికి ఇన్నాళ్లకి ఇవాళే నిద్రపట్టింది.”