నేను నమ్మని పదిహేడు జన్యువులు

అధ్యక్షులు డాక్టర్ బెంతాంకుర్ గారికి, పెద్దలకు, వెనక గోడకు ఆనుకుని మాతే తేనీరు తాగుతూ నేనెప్పుడు ముగిస్తానా అని చూస్తున్న మా మోంతెవిదేయో ప్రయోగశాల మిత్రులకు నమస్కారం. ఈ వీడ్కోలు సభలో ఇందాక నా గురించి చెప్పిన మంచి మాటల్లో ఎన్ని నిజమో తేల్చుకోవాలనిపిస్తోంది. (నవ్వులు) ముప్పై ఒక్క ఏళ్లు సూక్ష్మదర్శిని కింది గాజుపలకల మీద రొమ్ము క్యాన్సర్‌ను వెతికినదాన్ని. అనుమానమే నా వృత్తి.

పదేళ్ల కిందట ఈ రమీరో మా ప్రయోగశాలలో చేరి, దేశదేశాల సమాచారాన్ని కంప్యూటర్‌తో జల్లెడ పట్టి, రొమ్ము కణజాలంలో తప్ప ఇంకెక్కడా పలకని, అంటే పనిచేయని, జన్యువులు పదిహేడు తేల్చాడు. చంకలోని లింఫ్ గ్రంథిలో అవి పలికితే క్యాన్సర్ అక్కడికి పాకినట్టేనన్నాడు.

"అన్ని కణజాలాలూ చూశావా?" అన్నాను.

"నలభై రకాలు చూశాను, డాక్టరమ్మా."

"చంక చర్మం?"

"దాని వివరాలు ఎవరూ ఎక్కించలేదు. అసలు మీకు నా కంప్యూటరంటేనే పడదు."

"దానితో నాకేం పేచీ లేదయ్యా. నీ తొందరే నచ్చలేదు."

తర్వాత ఎల్బియా అనే దర్జీ ఆవిడ చంక గ్రంథిలో మొదటి జన్యువు పలికింది. నా సూక్ష్మదర్శినికి మాత్రం ఒక్క క్యాన్సర్ కణమూ కనబడలేదు. మొదలుపెట్టబోయిన చికిత్స ఆపించాను. నెల్లాళ్లు మాట్లాడని రమీరో, చివరికి తనే చంక చర్మాన్ని పరీక్షించి, నా గుమ్మంలో నిలబడి, "చెమట గ్రంథుల్లోనూ ఆ జన్యువు పలుకుతోంది. కోసేటప్పుడు చర్మం అంటుకొచ్చింది" అన్నాడు. ఈ కథ మీకు తెలుసు. ప్రతి విందులోనూ నేనే చెప్పాను.

చెప్పనిది ఇంకొకటుంది.

ఆ గెలుపుతో మిగిలిన పదహారింటినీ తీసిపారేశాను. నిబియా అనే ఆమె గ్రంథిలో ఆరో జన్యువు పలికిందని, చర్మం అంటలేదని కూడా సరిచూశానని రమీరో చెబితే, "మళ్లీ చెమటేలే" అని నవ్వి, క్యాన్సర్ లేదని సంతకం పెట్టాను. అయిదు నెలల తర్వాత అదే గ్రంథిని లోతుగా కోసి చూస్తే ఉంది. అందరినీ అనుమానించాను, నా కళ్లను తప్ప. ఆమె బతికింది, కానీ ఆలస్యంగా చేసిన పెద్ద ఆపరేషన్ వల్ల కుడిచెయ్యి పైకెత్తలేకపోతోంది. వెళ్లి నిజం చెప్పాను. తలుపు వేసుకుంది.

రమీరో, పాత గ్రంథి ముక్కలు దాచిన నా బీరువా తాళంచెవి బల్ల మీద పెడుతున్నాను. నేను 'లేదు' అని రాసిన ప్రతి గ్రంథినీ నీ జన్యువులతో మళ్లీ పరీక్షించు. మొహమాటపడకు. ఇన్నేళ్లు నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు.

సెలవు.