నాలుగో నంబరు

మధ్యాహ్నం మూడు దాటింది. ముందుగదిలో టీవీ, దాని పక్కన ఎవరు ఏం చూస్తున్నారో కొలిచే మీటరు పెట్టె. ఎదురుగా ముగ్గురు ఆడవాళ్లు: సంచితో వచ్చిన మీటరు ఆవిడ, మెడలో కొలతల టేపుతో కోడలు, మోకాళ్ల మీద దుప్పటి కప్పుకున్న అత్తగారు.

"ఆ ముసలావిడని ఓడలోకి ఎవరెక్కించారో ముందది చెప్పండి మేడమ్. మీ ప్రశ్నలు తర్వాత."

"నేను మీటరు తనిఖీకి వచ్చానమ్మా. సీరియల్ తీసేది నేను కాదు."

"తీసేవాళ్లకి లెక్కలు మోసేది మీరేగా? ఎలాంటి సీరియలండీ అది! చుక్కల మధ్య చెత్త ఏరుకునే ఓడ, అందులో ముగ్గురు తిక్కవాళ్లు. అరగంట పొట్ట పట్టుకుని నవ్వడమే. సరిగ్గా వందో ఎపిసోడ్లో చెత్త డ్రమ్ములోంచి కెప్టెన్ గారి నాయనమ్మ ఊడిపడింది. అంతే, ఆ రోజునుంచి ఓడ అంగుళం కదిలితే ఒట్టు!"

"అది కాదమ్మా..."

"పడక్కుర్చీలో కూర్చుని రోజూ కీళ్లనొప్పుల కథ. మొన్న ఆరు చేతుల గ్రహాంతరవాసి దిగాడు. హమ్మయ్య, ఇవాళైనా ఓ గొడవ జరుగుతుందనుకున్నాను. ఏం చేశాడో తెలుసా? ఆరు చేతుల్తో ఆవిడ కాళ్లు పట్టాడు!"

"సీరియల్ మీరు చూస్తారా అమ్మా?"

"ఎవరు, నేనా?"

"మీరే."

"నాకెక్కడ తీరికండీ! పొద్దున లేస్తే కుట్టుమిషనే. శుక్రవారానికి నలభై రెండు స్కూలు యూనిఫాంలు ఇవ్వాలి."

"మరి ఆరు చేతులవాడి సంగతి..."

"అత్తయ్య చూస్తుంటే చెవిన పడుతుంది. అంతే. కదా అత్తయ్యా?"

"ఆఁ? ఆఁ. నేనే. నేనే చూస్తాను."

"మంచిది పెద్దమ్మా, నాక్కావలసింది అదే. మీ రిమోట్లో ఒకటో నంబరు మీ అబ్బాయిది. రెండు మీ కోడలిది. మూడు హాస్టల్లో ఉన్న మీ మనవరాలిది. నాలుగు మీది. టీవీ ముందు ఎవరు కూర్చుంటే వాళ్లు తమ నంబరు నొక్కాలి. ఐదు నెలలుగా ఈ సీరియల్‌కి మీ ఇంట్లో నాలుగో నంబరు తప్ప ఇంకోటి పడలేదు. రోజూ నాలుగు కొట్టగానే మొదలు. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు."

"నా మోకాళ్లు అలాంటివమ్మా. కూలబడితే లేవనివ్వవు."

"ఛానెల్ వాళ్లు అదే చూశారు. డెబ్బై దాటిన ఆడవాళ్లకి ఈ సీరియలంటే ప్రాణం, వాళ్లకోసం ఓ నాయనమ్మని పెడదాం అనుకున్నారు."

"ఆగండి మేడమ్. ఆ నాయనమ్మ... నాలుగో నంబరు వల్ల వచ్చిందా?"

"దానివల్లేనమ్మా."

"ఓరి దేవుడా."

"అందుకేనా అమ్మాయ్ నాకన్ని ఫోన్లు! 'వినికిడి మిషను కావాలా మామ్మగారూ' అంటాడొకడు. 'ఏంటీ' అన్నానో లేదో, ఆర్డరు రాసేసుకుంటున్నాడు."

"పెద్దమ్మా, ఇప్పుడు మీరు చెప్పేది జాగ్రత్తగా చెప్పాలి. సాయంత్రం ఐదింటికల్లా నేను ఫారం పంపాలి. నాలుగో నంబరు మీద చూసేది నిజంగా మీరేనని తేలితే సోమవారం నుంచి నాయనమ్మే కెప్టెను."

"మరి ఆ మెకానిక్ పిల్ల?"

"పెళ్లి చేసి పంపించేస్తారట."

"రోబో?"

"మందుల టైముకి గంట కొట్టే పనిలో పెడతారట."

"అన్యాయమండీ! వాడు... సరేలెండి. నాకెందుకు. చూసేవాళ్లు కదా బాధపడాలి."

"అందుకే చూసేవాళ్లని నాలుగు ప్రశ్నలడుగుతాను. పెద్దమ్మగారే చెప్పాలి. మీరు అందించకూడదు."

"నేనెందుకు అందిస్తాను? నేను గుండీలు కుట్టుకుంటాను. అడగండి."

"పెద్దమ్మా, ఓడలో రోబో పనేంటి?"

"రోబో అంటే?"

"ఇనప మనిషి."

"ఓ, వాడా! మంచివాడు పాపం. వంట చేస్తాడు."

"వంటేంటి అత్తయ్యా..."

"అమ్మా!"

"నేనేమన్నాను? దారం తెగింది."

"వంట. రాశాను. మాటమాటకీ ఏమంటాడు వాడు?"

"వంటవాడు ఏమంటాడు? వడ్డించనా అంటాడు."

"కెప్టెన్‌కి దేనికి భయం?"

"పెళ్లానికి."

"అతనికి పెళ్లెక్కడైందండీ అసలు!"

"అమ్మా, ఇది రెండోసారి. మళ్లీ నోరు విప్పారంటే లోపలి గదిలో కూర్చోవాలి. పెద్దమ్మా, ఆఖరిది. మెకానిక్ ఇంజనుని దేనితో బాగుచేస్తుంది?"

"దేనితోనేముంది, సుత్తితో. నాలుగు వాయిస్తే ఏదైనా దారికొస్తుంది. మా ఆయన రేడియోని అలాగే..."

"జడపిన్నుతో! జడపిన్నుతోనండీ! సుత్తట, సుత్తి! ఆ పిల్ల తలలోంచి పిన్ను తీసిందంటే చాలు, ఎంత పెద్ద ఇంజనైనా నోరు మూసుకుంటుంది. కెప్టెన్‌కి ఎత్తంటే భయం. చుక్కల్లో ఓడ నడుపుతూ కిందికి చూడలేడు, అదీ నవ్వు! రోబో పేరు బోల్టు. వంటవాడు కాదు, దారి చూపించేవాడు. ఏ ఆపదొచ్చినా వేళ్లు మడిచి లెక్కేసి 'నా లెక్క ప్రకారం మనం ఇప్పటికే పోయాం' అంటాడు. ప్రతిసారీ లెక్క తప్పుతాడు, ప్రతిసారీ అందరూ బతికిపోతారు. అదండీ సీరియలంటే! వడ్డించనా అంటాడట!"

"గుండీలన్నీ కిందపడ్డాయమ్మా."

"పడనీండి."

"అమ్మాయ్, 'ఇప్పటికే పోయాం' అన్నావే. మొన్న కుళాయి ఊడొచ్చినప్పుడు మావాడు అచ్చంగా అదే అన్నాడు."

"ఆఫీసులో ఎవరైనా అంటుంటే పట్టుకునుంటారు అత్తయ్యా. ఇప్పుడదా సంగతి!"

"సంగతేంటో నేనడుగుతాను. సీరియల్ చూసేదెవరమ్మా?"

"నేనే."

"నాలుగో నంబరు మీద?"

"ఊఁ."

"రెండు మీదైతే నాలుగెందుకు నొక్కారు?"

"నెలనెలా మీరో చీటీ పంపుతారు చూడండి. ఎవరు, ఏది, ఎన్ని గంటలు చూశారో రాసి. దాన్ని ఆయన భోజనాల దగ్గర ప్రోగ్రెస్ కార్డులా చదువుతారు. మాకు చూపించరు, చదువుతారు. మొదటి నెల చదివారు. 'రెండో నంబరు, పది గంటలు, చెత్త ఓడ! ఊపిరి తీసుకోడానికి టైము లేదన్న మనిషి! బుర్ర ఉన్నవాళ్లెవరైనా చూస్తారా దాన్ని?' సెలవులకొచ్చిన పాప ముందు. పొద్దస్తమానం కుట్టి అరగంట నవ్వుకుంటే దానికీ జవాబు చెప్పుకోవాలా? మర్నాటి నుంచి నాలుగు నొక్కాను. పెద్దవాళ్లు చూస్తే ఎవరూ ఏమీ అనరు కదా."

"నా పేరు మీదా అమ్మాయ్? నన్నొక్క మాట అడగకుండా?"

"తప్పయిపోయింది అత్తయ్యా."

"అయితే 'రోజూ తప్పకుండా చూసే నాలుగో నంబరుకి బహుమతి' అని వచ్చిన ఈ దుప్పటి..."

"కప్పుకోండి అత్తయ్యా. ఇప్పుడు దుప్పటి గొడవెందుకు."

"అమ్మా, మీకో విషయం చెప్పాలి. ఇవాళ నేను తిరిగిన ఇళ్లలో మీది తొమ్మిదోది. తొమ్మిదిళ్లలోనూ లెక్క ప్రకారం చూసేది అత్తగారే. తొమ్మిదిళ్లలోనూ అత్తగారికి రోబో ఎవడో తెలీదు, కోడలికి తెలుసు."

"ఏంటీ!"

"నలుగురు కోడళ్లు ఒప్పుకుని సంతకం పెట్టారు. నలుగురు 'మాకేం తెలీదు' అని తలుపేశారు. ఎటు ఎక్కువైతే ఛానెల్ వాళ్లు అది నమ్ముతారు. మిగిలింది మీ సంతకం."

"పెడితే?"

"నాయనమ్మ మళ్లీ డ్రమ్ములోకి. ఓడ కదులుతుంది."

"పెట్టకపోతే బోల్టు గంట కొట్టుకుంటాడు."

"అంతే. కానీ ఒకటుంది. పెడితే సరిచేసిన చీటీ ఇంటికొస్తుంది. ఐదు నెలలదీ కలిపి, రెండో నంబరు మీద."

"ఆయన చేతికి."

"ఇంటి యజమాని పేరు మీదే పంపుతాం."

"యాభై గంటలు! భోజనాల దగ్గర! అబ్బ... నా వల్ల కాదండీ. ఆ గొంతు మీకు తెలీదు. అరవరు, తిట్టరు, చదువుతారంతే. ముద్ద దిగదు."

"పెట్టకే అమ్మాయ్. ఓడ పోతే పోనీ. ఇంకో సీరియల్ రాకపోతుందా?"

"రాదు అత్తయ్యా. ఇలాంటిది రాదు. అన్నింట్లోనూ ఏడుపే. ఇదొక్కదాన్నీ పెట్టుకుని... ఛీ, నా చేతులారా నేనే ఆ ముసలావిడని ఎక్కించాను! నలభై రోజులుగా తిట్టిన తిట్లన్నీ నాకేనన్నమాట!"

"ఆలోచించుకోండి. ఈలోగా మిగతాది పూర్తిచేస్తాను. రెండో నంబరు మీద శనివారం సాయంత్రాలు కుస్తీ పోటీలున్నాయి. అవి మీవేనా?"

"కుస్తీలా? మీ పెట్టె పాడైంది మేడమ్. ఎన్నిసార్లు చెప్పినా ఆయన నమ్మలేదు. మూడు నెలల్నుంచి 'వస్తాదుగారూ, అన్నం పెట్టండి' అంటున్నారు. శనివారం సాయంత్రం నేను కుట్టినవి ఇచ్చి రావడానికి వెళ్తాను. ఇంట్లో ఉండేది... అత్తయ్యా."

"ఏంటే?"

"అటెటు చూస్తున్నారు?"

"గోడకేసి."

"అత్తయ్యా!"

"అవునే, నేనే! 'ఈ వయసులో కుస్తీలేంటమ్మా' అంటాడు మావాడు. పడుచుదానివి, నువ్వు చూస్తే ఎవరూ ఏమీ అనరనుకున్నాను. ఆ వస్తాదులు ఒకణ్ణొకడు ఎత్తి అవతల పడేస్తుంటే నాకు మోకాలి నొప్పి తెలీదమ్మా, ఏం చెయ్యను!"

"నన్ను వస్తాదు అంటుంటే పక్కన కూర్చుని నవ్వారు కదా మీరు!"

"నవ్వొచ్చింది, నవ్వాను. నువ్వు నా పేరు మీద యాభై గంటలు చూస్తే లేదుగానీ!"

"తగువు తర్వాత పడండి, నాకు టైము లేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా నాలుగింటికి కోడలు. శనివారం కుస్తీలు అత్తగారు. ఇక ఆదివారం. అదీ మీరేనని రాసేయనా అమ్మా?"

"ఆదివారమేంటి?"

"వారమంతా వేసినవి కలిపి ఆదివారం పదకొండు నుంచి ఒంటిగంటన్నర దాకా మళ్లీ వేస్తారుగా. అదీ మీ ఇంట్లో నాలుగో నంబరే."

"ఆదివారమా? లేదండీ. ఆదివారం అత్తయ్యని మోకాళ్ల వ్యాయామానికి తీసుకెళ్తాను. పదింటికి బయల్దేరితే తిరిగొచ్చేసరికి రెండవుతుంది. కావాలంటే ఆ క్లినిక్కువాళ్లనడగండి."

"ఒక్క ఆదివారం మానలేదమ్మా మేము. వానొచ్చినా వెళ్లాం."

"ఇదిగో, నా దగ్గరున్న చీటీ నకలులో స్పష్టంగా ఉందండీ. ఐదు నెలలు, ప్రతి ఆదివారం, రెండున్నర గంటలు. ప్రతి నెలా పంపిన చీటీలో ఆఖరి వరస అదే."

"ఆయన చదివినప్పుడు ఆదివారమనే మాటే ఎప్పుడూ రాలేదే!"

"నా కళ్లజోడు ఇలా ఇవ్వు అమ్మాయ్. ఏదీ, ఎక్కడుందీ... ఉందే! 'ఆదివారం, నాలుగు, చెత్త ఓడ.' అంటే వీడు ఇది వదిలేసి చదువుతున్నాడా?"

"ఆ రెండున్నర గంటలూ ఇంట్లో ఉండేదెవరమ్మా?"

"కుళాయి ఊడొచ్చినప్పుడు ఆయన ఏమన్నారన్నారు అత్తయ్యా?"

"'నా లెక్క ప్రకారం మనం ఇప్పటికే పోయాం' అన్నాడు. వేళ్లు మడిచి మరీ."

"వేళ్లు కూడా మడిచారా! మేడమ్, ఆ పెన్ను ఇలా ఇవ్వండి. సంతకం ఎక్కడ?"

"ఇక్కడ. కానీ అమ్మా, చీటీ ఆయనకే వెళ్తుంది. భోజనాల దగ్గర చదువుతారు మరి."

"చదవనివ్వండి. ఈసారి పక్కన కూర్చుని ఒక్క వరసా వదలకుండా చదివిస్తాను. ఆదివారం దగ్గరికొచ్చేసరికి ఆ గొంతెలా ఉంటుందో నేను వినాలి."