పండుగ అయినంక పోత

— నానమ్మా, రేపు పొద్దుగాల చెల్లె చిన్నికి క్యాన్సరు రాకుండ హెచ్‌పీవీ టీకా ఏపియ్యాలె. అమ్మ ఊ అంటలేదు, ఉహూ అంటలేదు. నువ్వు ఇయ్యాల అమ్మతోని డాక్టరమ్మ కాడికి పోయినవ్ గద, ఏమైందో చెప్పు. ఫోన్ల రికార్డు పెడుతున్న, పెద్దగైనంక చిన్నికి వినిపిస్త.

పెట్టు పెట్టు దీప్తి. గని ఆ ఫోను జర దూరం జరుపు, పుంటికూర తడి ఉన్నది. నువ్వు గూడ రెండు కట్టలు ముంగటేసుకొని ఆకు తెంపు. చేతులు ఖాళీగ ఉంటె మధ్యల మాట్లాడుతవ్.

ముందుగాల మీ అమ్మ మీద కోపం తీసెయ్. ఇన్ని దినాల సంది ఆమెను నిలవెట్టి కాలేజీ పోటీల లెక్క వాదిస్తున్నవ్. ఒకదానికి జవాబు చెప్పెలోపట ఇంకోటి అడుగుతవ్. పాపం పద్మ బ్యాంకుల దినమంత మందితోని మాట్లాడి మాట్లాడి వస్తది, వస్తె ఇంట్ల నువ్వు. ఆమె నోరు మూసుకుంటె నువ్వు గెల్చిన్ననుకుంటివి. ఆమె ఒప్పుకున్నదా మరి? ఒప్పుకోలె.

ఇయ్యాల రెండో శనివారం, బ్యాంకుకు సెలవాయె, నారాయణగూడల ఆ డాక్టరమ్మ కాడికి ఇద్దరం పోయినం. నేనెందుకంటె, పద్మనే రమ్మన్నది. ‘అత్తమ్మా, మీరు పక్కన కూసోండ్రి, నాకు ధైర్నం’ అన్నది. ఈ ఇంటికి కోడలుగ వచ్చినప్పటి సంది ఆమె నన్ను గిట్ల అడగలె. మీ తాత పోయినప్పుడు గూడ అడగలె. సరే, గది వేరే ముచ్చట.

పద్మ మస్తు అడిగింది. జరం వస్తదా అంటె, ఒక దినం రావచ్చు, చెయ్యి గుంజుతది అన్నది డాక్టరమ్మ. బ్యాంకుల ఎవరిదో పిల్ల సూది ఏసుకోంగనే కండ్లు తిరిగి పడ్డదట, గదడిగింది. కొందరు పిల్లలకు అయితది, అందుకే ఏసినంక జర సేపు ఈడనే కూసోవెడతం అన్నది. పిల్లలు పుట్టరంటున్నరు గద అంటె, అది ఉత్త పుకారు అన్నది. మల్ల ఇంకొకటి డాక్టరమ్మ తనంతట తనే చెప్పింది, నాకు నచ్చింది. ఈ టీకా ఏసుకున్నా అన్ని తీర్ల క్యాన్సరు ఆగదు, ముప్పై దాటినంక పరీక్ష చేయించుకుంటనే ఉండాలె అన్నది. మరి గంత ఖర్సు వెట్టి ఎందుకు అన్నది పద్మ. డాక్టరమ్మకు కోపమొస్తదేమో అనుకున్న. రాలె. నవ్వి, మీరు స్కూటీ నడుపుతరా అని అడిగింది. హెల్మెట్ వెట్టుకున్నా ఆర్టీసీ క్రాస్ రోడ్ కాడ సిగ్నల్ సూస్తరు గద, గిదీ గంతే అన్నది. ఇప్పుడు చిన్నదాని వయసుకు రెండు సూదులు చాలట. పెద్దగైతె మూడు. అసలు ఆ వైరస్ ఒంటికి అంటకముందే ఏస్తె ఎక్కువ పనిచేస్తదట.

అన్ని విన్నది పద్మ. రేపు పొద్దుగాల చెప్తమని లేచింది.

ఆటో ఎక్కుదమంటె నడుద్దామన్నది. నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాక నా మోకాళ్ళతోని నడుసుడంటె నీకెరుకే గద. నడిచిన. ఆమెకు ఏదో చెప్పాలని ఉన్నదని నాకు తెల్సు. ఒకప్పుడు ఇదే తొవ్వల సుల్తాన్ బజార్ దాక రిక్షాకు రూపాయి ఇస్తె మల్ల చిల్లర ఇస్తుండె, గిప్పుడు ఆటోవాడు ఆ రూపాయిని ముట్టడు గూడ. ఏం చెప్తున్న? ఆ. కూరగాయల బండ్ల కాడ ఆగింది. బండి మీద పుంటికూర సూస్తున్నట్టు ముఖం అటు వెట్టి అన్నది.

‘అత్తమ్మా, గిది ఆడ మొగ కలిస్తె అంటుకునేదట. పదమూడేండ్ల పిల్లకు గిప్పుడే గా సూది ఏపిస్తె, దాని గురించి మనం ఏమనుకుంటున్నట్టు?’

సూసినవా. జరం గాదు, పైసలు గాదు. గిదీ ఆమె లోపట ఉన్నది. నీతోని అంటె నువ్వు ఆమెను పాతకాలపు మనిషివంటవని అనలె.

గప్పుడు నేను కమలక్క ముచ్చట చెప్పిన.

హాల్ల గడియారం కింద ఫోటో ఉన్నది గద, పెద్ద బొట్టు, జర పక్కకు సూస్తుంటది. నా యారాలు. మీ తాతకు పెద్దన్న భార్య, నీకు పెద్ద నానమ్మ అయితది. ఏమైతె పోయింది ఆమె? కడుపునొప్పి అని చెప్పిన్రు గద నీకు. మీ అమ్మకు గూడ గదే చెప్పిన్రు. కడుపునొప్పి గాదు బిడ్డా. గర్భసంచి మూతికాడ క్యాన్సరు.

ఆ కాలంల ఈ ఇంట్ల అందరం ఒక్కకాడనే ఉంటుంటిమి. నెలసరి వస్తె ఎనుక వసారల కూసునుడు. చాప వేరే, చెంబు వేరే. నువ్వట్ల మొఖం వెట్టకు, ఉండె, ఏం చేస్తం. మా అత్తమ్మ, అంటె మీ తాత వాళ్ళమ్మ, ఎవరు ఎప్పుడు వసారల కూసున్నరో క్యాలెండర్ సూడకుండ చెప్తుండె. మామిడికాయ తొక్కు పెట్టాలన్నా, వ్రతం చెయ్యాలన్నా, ముందుగాల ఆమె మమ్మల్ని సూసేది, ఏ కోడలు ఏ పండుగకు పనికొస్తది అని.

ఒక ఏడాది కమలక్క ఊకె వసారలనే. లేచి వచ్చుడు, తానం చేసుడు, మల్ల పోయి కూసునుడు. అత్తమ్మకు బేజారు. సరిగ్గ పండుగనాడే దొరికిందా నీకు అనేది. నేను కొత్తకోడలిని, వసారలకు అన్నం ఇయ్యవోయినప్పుడు మెల్లగ అడిగిన, అక్కా, దవాఖానకు పోరాదు అని. ‘పండుగ అయినంక పోత’ అన్నది. ఉగాది అయింది. శ్రీరామనవమి అయినంక అన్నది. తర్వాత బోనాలు అయినంక. ఆఖరికి అయితుందని చెప్పుడే బందు చేసింది. బట్ట మీద బట్ట కట్టుకొని వంటింట్లకు వచ్చి చపాతీలు చేసేది. మనిషి తెల్లగ పాలిపోయింది, సున్నమేసిన గోడ లెక్క.

ఆఖరికి బావగారు పెద్ద దవాఖానకు తీస్కపోయిండు. అత్తమ్మ పోయింది, టిఫిన్ డబ్బ పట్టుకొని నేనూ ఎంబడి పోయిన. డాక్టరు అడిగిండు, ఎప్పటి సంది అయితుంది గిట్ల అని. బావగారు గోడ సూసిండు. కమలక్క తలకాయ వంచుకున్నది. గప్పుడు మా అత్తమ్మ చెప్పింది. సంక్రాంతి ముందట ఇట్లయింది, శివరాత్రికి లేచింది, హోలినాటికి మల్ల కూసున్నది, ఉగాదికి మూడు దినాలు మంచిగుండె... అన్ని. ఒక్కటి తప్పలె. డాక్టరు కలం కింద వెట్టిండు.

‘ఇంత బాగ యాదికుంచుకున్నరు. మరి గప్పుడే ఎందుకు తేలేదమ్మా?’

అత్తమ్మ నా చేతుల టిఫిన్ డబ్బ గుంజుకొని ఒళ్ళె వెట్టుకున్నది. ఆమె చెడ్డది గాదు దీప్తి, జర విను. మడి కోసం అన్ని దినాలు యాదికుంచుకున్నది గని, గది మనిషి రక్తమని ఆమెకు తట్టలె. ఇంట్ల ఎవ్వలకు తట్టలె. అటెన్క ఆమె ఏ కోడలిని వసారల కూసోవెట్టలె. ఎందుకని ఎవ్వలం అడగలె.

కమలక్కకు కరెంటు వెట్టిన్రు, గదే రేడియేషన్ అంటరు గద. ఎక్కువ దినాలు లేదు.

గిదంత ఆ బండి కాడనే చెప్పిన పద్మకు. చెప్పి అన్న, కమలక్క పదహారేండ్లకు ఈ ఇంటికొచ్చింది. గడప దాటాల్నంటె అత్తమ్మను అడిగేది. పరాయి మొగోని ముఖం సూడలె. ఆమె గురించి ఏమనుకోవాలె మరి? బావగారిని నేనేమంటలే, ఆయన లేడు, నాకు తెల్వదు. ఎవరి నుంచి వచ్చిందని అడిగితె ఆమె బతికిరాదు. గప్పుడు ఈ టీకా లేకుండె. ఉంటె ఆమె తప్పకుండ బతుకుతుండె అని నేను ఒట్టు వెట్టలే, డాక్టరమ్మ గూడ గట్ల వెట్టలే. ఒక దిక్కు ఒకదినం జరం, చెయ్యి గుంజుడు, పైసలు. ఇంకో దిక్కు ఆ ఫోటో. నాకు గింతనే అర్థమైంది, ఇగ నీ బిడ్డ, నీ ఇష్టం అన్న.

ఏమన్నదా? పుంటికూర కొన్నది. గీ పుంటికూరనే. ఇంటి మలుపు కాడ మాత్రం ఆగి, ‘అత్తమ్మా, మీరెప్పుడన్న ఆ పరీక్ష చేయించుకున్నరా?’ అని అడిగింది. నన్నెవలు అడిగిన్రు ఇన్నేండ్లు? లేదన్న. నువ్వో అన్న. ‘నేనూ లేదు’ అన్నది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు సూసుకున్నం, నవ్వొచ్చింది, ఎందుకొచ్చిందో.

ఆగు, లోపట చప్పుడేంది. పద్మా... ఈ పొద్దుగూకె ఏళ ఇస్త్రీ ఏంది? ఎవరి అంగీ అది, చిన్నిదా? రేపటికా. పొడుగు చేతులది వద్దు, పొట్టి చేతులది తియ్యి, భుజానికి ఏస్తరట. ఆ. గదే.

విన్నవా? ఇగ నువ్వేం మాట్లాడకు, లోపటికి పోయి చెయ్యి కలిపి గెల్చిన్నని చెప్పకు. ఆకు తెంపు.

అవునే, నీ ముచ్చట గూడ అడిగిన డాక్టరమ్మను. మా పెద్దదానికి ఇరవై రెండు, అశోక్ నగర్ రీడింగ్ రూంల గ్రూప్స్‌కు చదువుతున్నది అని. చిన్నదానికున్నంత లాభం ఉండకపోవచ్చు గని ఇప్పుడు గూడ ఏసుకోవచ్చన్నది, మూడు సూదులు. అందరికి చెప్తున్నవ్, నువ్వేసుకున్నవా?

— పరీక్ష అయినంక ఏసుకుంట నానమ్మా.

...

ఇటు సూడు నా దిక్కు.

కమలక్క గూడ మంచిగ నవ్వుకుంటనే అన్నది, పండుగ అయినంక అని.

సరే సరే, కండ్లు తుడుసుకో, పుంటికూర పులుపు చేతులతోని కాదు, మండుతయ్. రేపు ముగ్గురం పోతం గద, నువ్వు గూడ రా, నలుగురం అయితం. ఆటో మాట్లాడు, నేను మల్ల నడవ. నీ పరీక్ష మంచిగైతది, కొలువొస్తది, నా అంత ముసలిదానివై నీ మనుమరాలిని గిట్లనే తిట్టాలె నువ్వు. ఆ ఫోను బందు చేసి... ఇంక రెండు కట్టలున్నయ్ సూడు...