‘అయిపోయింది’ అనే బటన్

హలో… ఆ, నేనే. బెన్నీనే సార్.

…ఉప్పల్ రింగ్ రోడ్డు కాడనే ఉన్న. నిచ్చెన మీద. …నిజంగనే నిచ్చెన మీద సార్. ఒక చేత్తోని స్తంభం పట్టుకున్న, ఇంకో చేత్తోని మిమ్మల్ని పట్టుకున్న.

…జర అరవకున్రి సార్. మీరు అరిస్తే నిచ్చెన ఊగుతుంది.

…ఆ, చూసిన. ఇరవై అడుగుల ఫ్లెక్స్ చూడకుండ ఎట్లుంటది? బస్సులన్నీ ఆగి ఆగి పోతున్నయి. ఒక డ్రైవర్ అయితే దిగి, దండం పెట్టి, మళ్ల ఎక్కి పోయిండు. లోపల జనం ఏమనలే. వాళ్లు గూడ పెట్టిన్రు.

…అవును, మీద రాసింది అదే. ‘మా వీధి వెలుగుకు జన్మదిన శుభాకాంక్షలు. నిండు నూరేండ్లు సల్లగుండాలె.’

…అవును సార్. ఫోటో మాత్రం మల్లవ్వది.

…ఆ మల్లవ్వనే. చనిపోయినామె. నాచారంల వాళ్ల గల్లీకి మనం శ్రద్ధాంజలి ఫ్లెక్స్ ఏసినం గద. గీ రింగ్ రోడ్డు కాడనే మక్కబుట్టలు కాల్చి అమ్మేది. ఇయ్యాల ఆమె దినాలు.

…మరి శ్రద్ధాంజలి మీద ఎవరున్నరంటే… తెలిసే అడుగుతున్రా సార్? …ఇయ్యాల పుట్టినరోజు ఉన్న మన కాలనీ ప్రెసిడెంటు, బసవరాజన్న ఉన్నడు. ‘మల్లవ్వ ఆత్మకు శాంతి కలుగుగాక’ అని మీద, కింద ఆయన రెండు చేతులు జోడించి నవ్వుతుండు. ఆత్మ శాంతిగనే ఉన్నట్టు కొడుతుంది.

…నవ్వుతలేను సార్. పొద్దుగాల కెల్లి ఏం తినలే. నవ్వనీకి గూడ ఓపిక ఉండాలె గద.

…ఆయన షాపుల కూసున్నడా? మన షాపులనా? …వద్దు సార్, ఫోన్ ఇయ్యకున్రి, నేను దిగినంక నేనే—

…నమస్తే అన్నా. పుట్టినరోజు శుభా—

…లేదన్నా. మీరు బతికే ఉన్నరు. నాకు దాంట్ల డౌటే లేదు. …ఎవరన్నరు గట్ల? …పొద్దుగాల కెల్లి ఫోన్లు వస్తున్నయా. …మీరు ఎత్తి హలో అంటే అవతలోళ్లు భయపడి పెట్టేస్తున్రా. …మీ బామ్మర్ది దండ పట్టుకొని వచ్చిండా? పుట్టినరోజుకు తెచ్చిండేమో అన్నా. …ఓ. ఏడ్సుకుంట వచ్చిండా.

…పేరు ఎందుకు ఎయ్యలేదంటే, మీరే గదన్నా ఎయ్యొద్దన్నది? ‘కాలనీ ప్రెసిడెంట్ మొఖం చాలు, పేరెందుకుర’ అన్నరు. మొఖం మంచిగనే చేసిన. రంగు తెలుపు చేసిన. మెడ పెట్టిన. మీసాలకు ఏసిన నలుపుకు మిషిన్ల ఇంకు డబ్బా ఖాళీ అయింది, మళ్ల తెప్పిచ్చినం.

…మనిషి మనిషికి తేడా తెల్వదా అంటే, తెలుస్తది అన్నా. మల్లవ్వ చుట్టాలకే జర కష్టమైంది. ఊరికెల్లి వచ్చిన్రు, దండ ఏసిన్రు, ఊదుబత్తులు ముట్టిచ్చిన్రు. ఒక ముసలామె అయితే ‘పట్నం వచ్చి మల్లవ్వ ఎంత మారిపాయె’ అని మీ మీసాలు చూసి ఏడ్సింది… ఆ. ఆ. సార్‌కు ఇయ్యున్రి.

…సార్. …దాన్ని పొద్దుగాలనే దించిన, నాచారంది. మడిచి ఆటోల ఏసిన. ఊదుబత్తులు గూడ ఆర్పిన.

…ఎట్లయిందంటే… ఇప్పుడు చెప్పాల్నా? నిచ్చెన మీదికెల్లి? …చెప్తున్న. ఇనున్రి.

మన డేటాబేస్ల ఆర్డర్ ఫారం ఉన్నది గద. దాని మీద బటన్ ఉన్నది. మీరే అన్నరు, ‘ఒక్కటి నొక్కితే అన్నీ మిషిన్ కాడికి పోవాలె’ అని. …ఆ, పచ్చది. దాని ఎనక నేను కోడ్ రాసిన. నొక్కితే ఫారంల ఉన్న ఆర్డర్ ఫోటోను, రాసే మాటలను, ప్రింటింగ్ మిషిన్ ఫోల్డర్ల కాపీ చేస్తది. ఫోటోలు ఒక లైన్ల, మాటలు ఒక లైన్ల. మిషిన్ ఏం చేస్తది? మొదటి మాటలకు మొదటి ఫోటో, రెండో మాటలకు రెండో ఫోటో. దానికి ఎవరు సచ్చిన్రు, ఎవరు పుట్టిన్రు తెల్వదు. …మనకే తెల్వదు సార్, దానికెట్ల తెలుస్తది.

…వస్తున్న, ఆడికే వస్తున్న. మల్లవ్వకు ఫోటోనే లేదు. రేషన్ కార్డు మీద ఇంటోళ్లందరితోని దిగిందొక్కటే. దాంట్ల ఆమె మొఖం కందిపప్పు బ్యాడంత. దాన్ని కోసి, పెద్దగ చేసి, ఎంటికలు ఒక్కొక్కటి గీసిన. నా కండ్లు కిందికి జారి మూతి కాడికి వచ్చినయి. గట్ల చేసుకుంటనే, ఫోటో మూయకుండనే బటన్ నొక్కిన.

…నొక్కితే ఏమైతదంటే, తెరిచి ఉన్న ఫైలు కాపీ కాదు సార్. ఆమె మాటలు మిషిన్ కాడికి పోయినయి, ఫోటో పోలే. ఆమె ఎనకనే బసవరాజన్నది నొక్కిన. ఆయనది మాటలు, ఫోటో రెండూ పోయినయి. తర్వాత మల్లవ్వ ఫోటో మూసి, ఎందుకైనా మంచిదని మళ్లొక్కసారి నొక్కిన. మాటలు ముందే ఉన్నయి గద, అప్పుడు ఫోటో ఒక్కటే పోయింది. కాని ఆయన ఎనక. …ఆ, బస్టాండ్ల లైన్ లెక్కనే. ముసలామె జర పక్కకు జరిగింది, ఆయన ముందుకొచ్చి నిలబడ్డడు. ఆయనకు అలవాటే గద.

…స్పీకర్ల పెట్టిన్రా? చెప్పాలె గద సార్.

…ఎర్రర్ రావాలె గదా అంటే, వస్తది. నేనే రాకుండ చేసిన. …ఎందుకా? మీ గురించే. ఎర్రర్ డబ్బా వచ్చిన ప్రతీసారి మీరు వైరస్ అని ప్లగ్గు పీకుతున్రు. గోడల సాకెట్ గూడ ఊడొచ్చింది. అందుకే కోడ్‌ల ఒక లైన్ పెట్టిన. తప్పైతే ఊకో, ముందుకు నడువు అని. లాస్టుకు డబ్బా వస్తది, ‘అయిపోయింది’ అని. …అయినా వస్తది, కాకున్నా వస్తది. మీరు అది చూసి సంతోషంగ ఛాయ్ తాగుతరు.

…ఆ, నా తప్పే. కాదంటలేను. ఇయ్యాలనే ఆ లైన్ తీసేస్త.

…ఇప్పుడు దీన్ని దించాలె. తెలుసు సార్. అందుకే ఎక్కిన. …అన్న ర్యాలీ ఎప్పుడు? కేక్ కోసినంకనా. జీపు మీద నిలబడి, రింగ్ రోడ్డు మీదికెల్లే. …అప్పటిల్లా ఈమె దిగకపోతే కాలనీ ఆర్డర్లన్నీ వేరే షాపుకు పోతయి. …నేను ఇంటికి పోతా. …సమజైంది సార్. మీరు మెల్లగ చెప్పినా సమజైతది. ఇట్లాంటి పని దొరకనీకి నేను నాచారంల ఎన్ని షాపుల మెట్లు ఎక్కిన్నో నాకు తెలుసు.

…మన హెల్పర్ మోషే కింద నిచ్చెన పట్టుకున్నడు. ఇద్దరమే. వాన ముసురు. …ఆ, దించుతున్న. మొదటి ముడి ఇప్పుతున్న…

…ఒక్క నిమిషం సార్. కింద ఎవరో పిలుస్తున్రు. …ఏందక్కా? …ఆ, ఫ్లెక్స్ షాపోన్నే. …ఉమక్కవా? మల్లవ్వ బిడ్డవా?

…సార్, మల్లవ్వ బిడ్డ వచ్చింది. …నేను గూడ కొట్టనీకే వచ్చిందనుకున్న. చేతుల చెప్పు లేదు. పిల్ల ఉన్నది.

…అక్కా, తప్పు నాదే. కంప్యూటర్ది కాదు. మీకు కొత్తది ఏస్తున్నం, దినాల భోజనాలు లేచేలోపల గల్లీల కడ్తం. మీ అమ్మనే ఉంటది, మీసాలుండయి. …ఏంది? మళ్ల చెప్పక్కా, హారన్‌ల వినబడలే.

…సార్. …సార్, ఆమె దించొద్దంటుంది.

…నేను గూడ అదే అడిగిన. ఎందుకు అని. …వాళ్లమ్మ ఎన్నడు పుట్టిందో ఎవ్వలకు తెల్వదంట. రేషన్ కార్డుల వయసు, రాసినాయన మొఖం చూసి రాసుకున్నడంట. ఆమెకు పుట్టినరోజని ఎన్నడూ ఎవ్వలూ అనలేదంట. …ఈ పిల్ల మనుమరాలు సార్. పొద్దుగాల బస్సుల కెల్లి చూసిందంట. దిగినప్పటి సంది పోదాం రా అన్నా వస్తలేదు. కింద నిలబడి చప్పట్లు కొడుతుంది, మా అవ్వ హ్యాపీ బర్త్‌డే అని.

…దినాలు ఇయ్యాలనే సార్, అవును. రెండు ఒక్కరోజే ఎట్ల వస్తయో పిల్లకు మీరు చెప్తరా? ఫోన్ ఇయ్యాల్నా? …నేను గూడ చెప్పలేను.

…ఉమక్క ఏడుస్తలేదు సార్. నవ్వుతుంది. ‘మా అమ్మ గీ రోడ్డు మీద కిందనే కూసున్నది, బస్సుల దుమ్మంత మింగింది, ఇయ్యాల ఒక్కనాడు పైన కూసుంటే ఎవని సొమ్ము పోతది’ అంటుంది. …మిమ్మల్ని కాదు. జనరల్‌గ అంటుంది.

…మక్కబుట్టలు అమ్మేటోళ్లు గూడ ఉన్నరు. అందరు బొగ్గులిడిసి వచ్చి పైకి చూస్తున్రు. ఒక్కామె కాల్చిన మక్కబుట్ట తెచ్చి స్తంభం కాడ పెట్టింది. నిమ్మకాయ రుద్ది, ఉప్పు కారం గూడ పెట్టింది. …నేను తినలే సార్. అది ఆమెది.

…సాయంత్రం దాకనే. చీకటి పడంగనే నేనే వచ్చి— …వద్దా. …సరే. …సరే సార్. పని ముఖ్యం. సమజైంది. దించుతున్న.

…అక్కా, నువ్వేం మాట్లాడకు. జర ఆగు.

…సార్, ఒక్కసారి బసవరాజన్నకు ఇయ్యున్రి. …మాఫీ అడుగుత. నిజంగ. ఇంతమంది ముందు నిచ్చెన మీదికెల్లి మాఫీ అడిగితే ఆయనకు గూడ గౌరవం ఉంటది.

…అన్నా. తప్పైంది. మస్తు పెద్ద తప్పైంది. …ఆ, తిట్టున్రి. మీరు తిడుతుంటే నాకు ధైర్యం వస్తుంది, మనిషి ఉన్నడని.

…ఒక్క మాట అన్నా. ఇక్కడ రింగ్ రోడ్డు మీద మిమ్మల్ని ఎవరూ చచ్చిండు అనుకుంటలేరు. ఇక్కడ మీ ఫోటోనే లేదు గద. వార్త పాకింది అటు దిక్కు. …మౌలాలి దిక్కు. నాచారం గల్లీల చూసినోళ్లు ఆడికి పోయి చెప్పిన్రు. ఆడ టీ కొట్టు కాడ మీకోసం రెండు నిమిషాలు మౌనం పాటిచ్చిన్రంట. …నిజమన్నా. మూడు అంటున్రు గాని నేను రెండే చెప్తున్న.

…ఇప్పుడు మీరు జీపు మీద నిలబడి మౌలాలిల దిగితే ఎట్లుంటదో ఆలోచన చెయ్యున్రి. చచ్చిండనుకున్న మనిషి! చెయ్యి ఊపుకుంట! ఇంక మీకు ఫ్లెక్స్ ఎందుకన్నా? …ఇటు దిక్కు వస్తే ఏమున్నది, మెట్రో గుంతలు. జీపు దిగబడితే మిమ్మల్ని దింపి తోయిస్తరు. పుట్టినరోజు నాడు. …ఆ. మౌలాలే కరెక్టు. కొత్త ఫ్లెక్స్ మీ ఇంటి ముంగటనే కట్టిస్త, పేరుతోని. ఈసారి పేరు ఎంత పెద్దగ ఏస్తనంటే మొఖానికి జాగ ఉండది. …ఉంటది, ఉంటది, మొఖం గూడ ఉంటది.

…సంతోషమన్నా. నూరేండ్లు.

…సార్. …ఆ, మౌలాలి దిక్కే పోతడంట. …నేనేం చెప్పలే సార్, ఆయనకే తోచింది.

…దించుతున్నం. …ఆ చప్పుడా? తాళ్లు ఇప్పుతుండు మోషే.

మోషే, ఆ మూల జారింది, గట్టిగ లాగు! ఆమె చెవి మడతపడుతుంది!

…మడత పెడుతున్నం అంటున్న సార్. జాగ్రత్తగ మడత పెట్టాలె గద. …ఇంకో తాడు ఎందుకంటే… కట్టనీకి. మూట కట్టనీకి. గాలి మస్తుగున్నది.

మోషే, ఇంకో ముడి ఎయ్యి. రెండెయ్యి.

…ఉమక్కా, పిల్లను జర ఎనకకు జరుపు, బస్సొస్తుంది.

…ఎవరు లేరు సార్. వాళ్లు పోయిన్రు. …అందరు పోయిన్రు. …నేను దిగుతున్న.

…అయిందా అంటే…

…అయిపోయింది సార్.

…ఆ, పూర్తిగ. …నా బటన్ లెక్క కాదు సార్. నిజంగ అయిపోయింది. స్తంభం ఖాళీ. …మీరు ఛాయ్ తాగున్రి.

…ఏం చప్పుడు? …చప్పట్లా?

…వాన సార్. రేకుల మీద పడుతుంది.

…ఆ, గట్టిగనే పడుతుంది. …పెట్టేస్తున్న సార్, ఫోన్ తడుస్తుంది.