మిగతావారు క్షేమం

ఉదయగిరి బస్టాండులో ఇద్దరు తల్లులు. ఇద్దరి కూతుళ్లదీ నెల్లూరులో ఒకే యూనివర్సిటీ, ఒకే హాస్టలు. మొన్న అక్కడ కూడు వికటించి ఇరవైమంది ఆసుపత్రి పాలయ్యారు. సుభాషిణి తల్లి సంచి సర్దుకుని నెల్లూరు బస్సు కోసం నిలబడింది. ఏంజెలిన్ తల్లి ఫోను బూత్ నుంచి నేరుగా ఆమె దగ్గరికి వచ్చింది.

"నీకేం వదినా, అదృష్టవంతురాలివి. పేపర్లో నీ బిడ్డ పేరు వేసినారు."

"నోరు కడుక్కో! నా బిడ్డ గ్లూకోజు మీద ఉండాది. అదృష్టమంట!"

"ఏ ఆసుపత్రో, ఎన్నో వార్డో గూడా వేసినారు గదా. నా ఏంజెలిన్‌కు ఏం వేసినారు? 'మిగతావారు క్షేమం' అంట. నా బిడ్డకు మిగతా అని పేరు పెట్టినామా?"

"యూనివర్సిటీ ఆఫీసుకు ఫోన్ చేసినావా?"

"చేసినా. నా బిడ్డ యాడుండాదయ్యా అంటే, 'లిస్టులో పేరు లేదు గదమ్మా, సంతోషించు' అని పెట్టేసినాడు. హాస్టలు మూసి అందర్నీ ఇండ్లకు తోలి రెండు రోజులాయె. నా బిడ్డ ఇల్లు చేరలా."

"అయ్యో, నాకు తెలీదే!"

"దానికి గూడా రెండు వాంతులయ్యుంటే బాగుండు."

"థూ! రోగానికి గూడా ఓర్వలేకపోతే ఎట్టమ్మే?"

"ఓర్వలేను. నీ బిడ్డ యాడుండాదో నీకు తెలుసు."

బస్సొచ్చింది. సుభాషిణి తల్లి ఎక్కి, పక్కసీటు మీద సంచి పెట్టి, కిటికీలోంచి కేకేసింది.

"ఎక్కు! ఏంజెలిన్ యాడని ఇద్దరం ఆ ఆఫీసులోనే కూర్చోని అడుగుదాం. లిస్టులో పేరున్న బిడ్డ తల్లిని, నన్ను తరిమెయ్యలేరు."

"దాంట్లో గూడా నీదే పైచేయి," అంటూ ఏంజెలిన్ తల్లి కళ్లు తుడుచుకుని ఎక్కింది.