ఆదెప్ప అతికించిన బిళ్ళలు

కుప్పం బస్సు ఇంకా రాలేదు. మదనపల్లె నుంచి రావాలి. పుంగనూరు స్టాండు ముందర, నల్లప్ప టీ అంగడి దగ్గర సావిత్రమ్మ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. చేతిలో ఫోను. తాగని టీ మీద మీగడ కట్టింది.

కూతురు కీర్తి తెల్లారకముందే స్కూటీ ఎక్కి కుప్పం పోయింది. అక్కడ బట్టల కంపెనీలో సూపర్‌వైజరు. గదిలో ఉంటుంది. ఆదివారానికి వస్తుంది, సోమవారం పోతుంది. పోయిన ప్రతిసారీ సావిత్రమ్మ ‘చేరినావా, చేరినావా’ అని ఫోను మీద ఫోను కొడుతుంది. ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టెలో పెట్టి లోపలికి పోవాలి కదా, పెట్టె మోగుతూనే ఉంటుంది. “అమ్మా, సెక్యూరిటీవాళ్ళు నవ్వతాండారే” అని కీర్తి నిన్న ఒక ఉపాయం తెచ్చింది. రూపాయంత తెల్లటి బిళ్ళ. ఎన్.ఎఫ్.సి. ట్యాగ్ అంట. కుప్పంలో గదికి అతికిస్తుందంట. చేరగానే ఫోను దానికి తాకిస్తే, అమ్మ ఫోనుకు ‘చేరినా’ అని మెసేజీ దానంతటదే వస్తుందంట. ఇంట్లో తాకించి చూపించింది. టింగుమంది.

“ఇంక నువ్వు ఫోను చేయకూడదు. ఒట్టేయి.”

వేసింది.

ఈ పొద్దు టింగుమనలేదు. ఒట్టు గట్టున పెట్టి ఫోను చేస్తే స్విచ్చాఫ్. సెక్యూరిటీవాళ్ళు నవ్వినప్పటినుంచి డ్యూటీలో ఉంటే స్విచ్చాఫే. డ్యూటీకి చేరకపోయినా స్విచ్చాఫే. అందుకే బస్సు కోసం వచ్చి కూర్చుంది.

ఆ బిళ్ళ అమ్మిన మనిషి ఎదురు బెంచీ మీదే ఉన్నాడు. ఆదెప్ప. బజారు వీధిలో కరెంటు సామాన్ల అంగడి. ఆయనకు సావిత్రమ్మ ఎవరో తెలియదు. ఆయన నోటి సంగతి మాత్రం పుంగనూరంతటికీ తెలుసు. టమోటా లారీ తోలే మునిశేఖర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అప్పుడే ఎత్తుకున్నాడు.

“మొదట్లో నేనూ చిన్నదే చేసినానప్పా. వాకిలికి ఒక బిళ్ళ అతికించినా. ఫోను తాకిస్తే తలుపు తెరుసుకోవాల, హాల్లో లైటు ఎలగాల, ఫ్యాను తిరగాల, అంతే.”

“అంతేనా? కాళ్ళు కడుక్కునేదానికి చెంబు రాదా?” అన్నాడు మునిశేఖర్.

“చెప్తాండా కదా, ఉండు. మంచం కోడుకు ఒకటి అతికించినా. పండుకోబోతా తాకిస్తే ఇంట్లో దీపాలన్నీ ఆరిపోతాయి, గీజరు ఆగిపోతాది, పొద్దున్నే ఐదుకు అలారం కొడతాది. నా పెండ్లాము ఏమనిందో తెలుసా? ‘ఏమయ్యా, ఇన్నేండ్లకు ఇంట్లో చెప్పిన మాట ఇనేది ఒకటి దొరికింది’ అనింది. సరే అని సేనికాడ బోరు స్టార్టరు డబ్బాకు ఒకటి కొట్టినా. తాకిస్తే మోటరు ఎత్తుకుంటాది. ఎత్తుకోని ఊరకుంటాదా? ఏ సాలుకు నీళ్ళు తక్కువయ్యిందో సూసుకోని, ఆ సాలుకు మడవ అదే తిప్పుకుంటాది. పక్క సేను రామప్ప పైపు కలుపుకున్నాడనుకో, వాని సాలులోకి పోయిన నీళ్ళు ఎనక్కి వస్తాయి!”

నల్లప్ప టీ ఎత్తిపోస్తూ నవ్వాడు. సావిత్రమ్మ నవ్వలేదు. ఫోను చూసుకుంది. ఏమీ లేదు. ఇంక ఉండబట్టలేక నోరు తెరిచింది.

“ఎప్పుడన్నా పలక్కుండా పోయిందా అప్పా, ఆ బిళ్ళ?”

కొత్త శ్రోత దొరికిందని ఆదెప్ప ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.

“పలక్కుండానా? ఏమ్మా, ఎంత మాటంటివి! సూర్యుడు ఒక పొద్దు పొడవకపోతే పొడవకపోవచ్చు, నేను అమ్మిన బిళ్ళ పలక్కుండా పోదు. వానలో పలకతాది, పిడుగులో పలకతాది, కరెంటు పోయినా పలకతాది. అది పలకలేదంటే తాకించే మనిషే రాలేదని లెక్క!”

సావిత్రమ్మ ఆ మాటనే లోపల మళ్ళీ అనుకుంది. తాకించే మనిషే రాలేదని లెక్క. నిన్నటిదాకా ఈ మనిషి కోతలకు ఊరితోపాటు ఆమె కూడా నవ్వింది. ఈ పొద్దు, దేవుడా, అన్నీ కోతలే కావాలి, ఈ ఒక్కటీ నిజం కాకూడదు అని మొక్కుకుంటోంది.

ఆదెప్ప ఆగలేదు. “ఎనుము కొమ్ముకు అతికించినప్పుడు కదా అసలు తమాషా! తాకిచ్చి ఇడిసిపెడితే తనంతట తానే పాలకేంద్రానికి పోయింది. వరసలో నిలబడింది, పాలు పిండిచ్చుకునింది, ఫ్యాట్ తక్కువ ఏసినాడని ఆడ ఉండేవాన్ని ఒక తన్ను తన్నింది, చీటీ నోట కరుసుకోని ఇంటికొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టమోటా బాక్సులకు అతికించి మదనపల్లె మార్కెట్టుకు తోలినా. రేటు పడిపోయిందా, బాక్సు లారీ దిగదు. నలుగురు హమాలీలు పట్టి పీకినా దిగదు. రేటు లేసిందా, అదే దూకతాది!”

“ఓహో, దావలో నా లారీలోంచి బాక్సులు దూకేది అందుకేనా? నేను ఇన్నాళ్ళూ రోడ్డు గుంతలను తిట్టుకుంటి కదప్పా!” అన్నాడు మునిశేఖర్.

నవ్వులు. ఆ నవ్వులకు ఆదెప్ప ఇంకో మెట్టెక్కాడు. ఖాళీ గ్లాసు పక్కన పెట్టి, గొంతు తగ్గించాడు.

“అదంతా ఎందుకప్పా, ఈ పొద్దు సంగతి ఇను. పొద్దున్నే పని మీద కుప్పం దావన పోతాండా. బైరెడ్డిపల్లె దాటి రొంత దూరం పోతానే, రోడ్డుకు అడ్డంగా ఏనుగులు! ఒకటా రెండా? మంద! బస్సులు లేవు, లారీలు లేవు, అన్నీ యాడివి ఆడ్నే. అంతలో ఒక ఆడబిడ్డ, స్కూటీ మీద, చెవులో ఏందో పెట్టుకోని పాటలు ఇనుకుంటా, సూసుకోకుండా నేరుగా పోయి పెద్ద ఏనుగు కాళ్ళకాడ పడింది.”

సావిత్రమ్మ లేచింది. స్టూలు వెనక్కి పడిపోయింది.

“ఏ రంగు స్కూటీ?”

“నీలం,” అన్నాడు ఆదెప్ప, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా. “కొత్త నీలం బండి. ఆ బిడ్డ లేయబోయింది, లేయలేకపోయింది. ఏనుగు తొండం ఎత్తింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

అని ఆగాడు. అలా ఆగడమే ఆయన విద్య. నల్లప్ప వైపు గ్లాసు చాచి, ఇంకో టీ పొయ్యమని సైగ చేశాడు.

“చెప్పు!”

అంగడి చుట్టూ ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఆ అరుపు తనదేనని సావిత్రమ్మకు కూడా తెలియలేదు.

“చెప్పప్పా! కీర్తిది నీలం బండి. ఈ పొద్దు ఆ దావనే పోయింది. చేరితే నీ బిళ్ళకు తాకిస్తానన్నది. నీ బిళ్ళ పలకలే. ఏమైంది నా బిడ్డకు?”

చాచిన గ్లాసు చాచినట్టే ఉండిపోయింది. ఆదెప్ప నోరు తెరిచాడు. మాట రాలేదు. పుంగనూరులో ఆయనకు మాట రాకపోవడం అదే మొదలు.

నల్లప్ప స్టవ్వు తగ్గించి బయటికి వచ్చాడు. పడిన స్టూలు లేపి వేశాడు.

“కూసోమ్మా. కూసో. ఈయప్ప ఏనుగునూ సూడలేదు, దాని తోకనూ సూడలేదు. నేను పొద్దున్నే అంగడి తీసేలోపలే వచ్చి ఈ బెంచీ మీద కూసున్నాడు. ఇప్పటిదాకా లేసింది లేదు. ఈళ్ళింటామె నిన్న బీగమేసి, బీగంచెవి ఎత్తుకోని నిమ్మనపల్లెకు పుట్టింటికి పోయింది. ఫోనుతో తలుపు తెరిసే మొనగాడు, ఆయమ్మ దిగే బస్సు కోసం కాసుకోనుండాడు.”

మునిశేఖర్ పకపకా నవ్వి, సావిత్రమ్మ ముఖం చూసి నవ్వు మింగేశాడు.

“ఏనుగుల్లేవా?” అంది ఆమె.

“లేవమ్మా,” అన్నాడు ఆదెప్ప. “స్కూటీ కూడా లేదు. నీలమనేది ఊరకే, నోటికొచ్చింది.”

సావిత్రమ్మ కూర్చుంది. ఏనుగులు పోయాయి. కానీ ఫోను ఇంకా మూగగానే ఉంది.

“బిళ్ళ సంగతి?”

“బిళ్ళ మాత్రం నిజమేనమ్మా,” అన్నాడు ఆదెప్ప. అంగడి పరువు దాని మీదే ఉంది మరి. “అది అబద్ధం కాదు. ఎప్పుడూ పలకతాది.”

“సూపించు.”

జేబులోంచి ఒక బిళ్ళ తీశాడు. ఫోనులో ఏదో నొక్కి, తాకిస్తే టార్చి వెలిగేలా పెట్టాడు. వెనక కాగితం ఊడదీసి, టీ అంగడి రేకుకు బిళ్ళ అతికించాడు. ఫోను ఆనించాడు.

వెలగలేదు.

“రొంత ఉండమ్మా.” ఫోను తిప్పి ఆనించాడు. కవరు తీసి ఆనించాడు. చొక్కాకు తుడిచి ఆనించాడు. ఊహూ.

“మళ్ళా పెట్టు,” అంది సావిత్రమ్మ.

పెట్టాడు. పలకలేదు.

“మళ్ళా.”

ఎవరూ నవ్వడం లేదు. ఆదెప్ప మెడ మీద చెమట పట్టింది. ఎదుటి మనిషి పరువు పోతుంటే సావిత్రమ్మ ముఖంలోకి మాత్రం కొంచెం కొంచెంగా నెత్తురు వస్తోంది. లేచి, గోటితో ఆ బిళ్ళను రేకు మీద నుంచి మెల్లగా పెకలించి, తను కూర్చున్న ప్లాస్టిక్ స్టూలుకు అతికించింది.

“ఈడ పెట్టు.”

తాకీతాకకముందే టార్చి భగ్గుమంది.

“ఇనపరేకు మీద సచ్చింది, ప్లాస్టిక్ మీద బతికింది!” అన్నాడు మునిశేఖర్. “ఏమప్పా ఆదెప్పా, ఇనప స్టార్టరు డబ్బా మీద పెట్టి నీళ్ళు పారిచ్చినావే?”

ఆదెప్ప స్టూలు వంకే చూస్తున్నాడు. ఆయనకూ అది కొత్త సంగతే.

అప్పుడొచ్చింది కుప్పం బస్సు. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి కేకలేస్తున్నాడు. సావిత్రమ్మ సంచి భుజాన వేసుకుంది. అంతలో ఫోను మోగింది. తెలియని నంబరు. ఎత్తి చెవికి ఆనించుకుంది.

“అమ్మా, నేనే. మా మేడమ్ ఫోను. నీకు మెసేజీ వచ్చిందా, లేదా? ఆ బిళ్ళ తాకిస్తే పలకనే లేదు. డ్యూటీకి టయిమైపోయి ఉరికొచ్చేసినా. అప్పటినుంచి పనిలో చెయ్యి ఆడలేదు నాకు. నువ్వు ఏమైపోతాంటావో అని.”

సావిత్రమ్మ కళ్ళు మూసుకుంది.

“యాడ అతికించినావే?”

“గది తలుపుకే. ఇనప తలుపు. యాలమ్మా?”

“ఏమీ లేదులే. పని సూసుకో పో.”

కండక్టరు రైట్ అన్నాడు. బస్సు కదిలింది. సావిత్రమ్మ సంచి దించి మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

“చేరిందంట. బిళ్ళ ఇనప తలుపుకు అతికించిందంట. వాళ్ళ మేడమ్ ఫోనులోంచి చేసింది,” అంది నల్లప్పతో.

అందరికంటే ముందు ఊపిరి వదిలింది ఆదెప్పే. వదిలిన ఊపిరి వెనకనే గొంతు కూడా తిరిగొచ్చింది.

“సూసినారా! నా బిళ్ళ పలక్కపోతేనేమి? కుప్పంలో ఉండే బిడ్డ మనసులో దూరి, ఆయమ్మ చేతికి మేడమ్ ఫోను తెప్పిచ్చి, నంబరు కొట్టిచ్చి మాట్లాడిచ్చింది! ఇది ఎవరి బిళ్ళ? ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“తెలుసు,” అంది సావిత్రమ్మ, నల్లప్ప పోసిన వేడి టీ అందుకుంటూ. “నిన్ను కూడా ఒక ఇనప తలుపుకు అతికించాల, ఆదెప్పా. అప్పుడుగానీ మేము నెమ్మదిగా టీ తాగలేము.”