వరహాలరావు కాటా మీద యాభై ఏడు

పాచిపెంట సంతలో, శివప్రసాద్ టీ కొట్టు ముందు బల్ల మీద చింతపండు షావుకారు వరహాలరావు కాళ్లు మడిచి కూర్చున్నాడు. పక్కన మేనల్లుడు ప్రేమ్‌కుమార్ టీ గ్లాసు చేత్తో పట్టుకుని, తాగకుండా దానికేసే చూస్తున్నాడు. ఎల్లుండి పొద్దున్న విశాఖలో కుస్తీ సెలక్షన్లు. యాభై ఏడు కేజీలకి వంద గ్రాములు ఎక్కువున్నా ఇంటికి పొమ్మంటారు. ఇవాళ పొద్దున్న మావ కాటా ఎక్కితే సరిగ్గా యాభై ఏడు చూపించింది. అప్పట్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

“తాగరా! పొద్దున్న నా కాటా ఎక్కితే సరిగ్గా యాభై ఏడే కదా, గుక్కెడు టీకి ఏటైపోద్ది? నాను ఏసియా ఆటలకెళ్లినప్పుడు ఐదు కేజీలు ఎక్కువుండి కుస్తీ పట్టినాను, తెలుసా? నవ్వకండి. మొదట సాలూరు జాతరలో ఒక లారీ డ్రైవర్ని పడేసినాను, అంతే, అదేం గొప్ప కాదు, ఆడికి జొరం కూడా ఉన్నాదనుకో. అది సూసిన ఆఫీసరొకడు, బాబూ వరహాలరావూ, దేశం పరువు నీ సేతిలో ఉన్నాది, బేగి ఇమానం ఎక్కమన్నాడు. కట్టుకున్న లుంగీతోనే ఎక్కేసినాను.”

“మరి పాస్‌పోర్టో?” అన్నాడు శివప్రసాద్ టీ వడగడుతూ.

“రేషన్ కార్డు సూపిస్తే దండం ఎట్టి పంపినారు. నువ్వు మధ్యలో దూరకు. అక్కడ దిగీ దిగగానే తూకం. కాటా ఎక్కితే అరవై రెండు! తూకం ఆఫీసరు కుదరదు పొమ్మన్నాడు. నాకు సిర్రెత్తుకొచ్చినాది. ఒరే బాబూ, సంతలో పుట్టి పెరిగినోణ్ని, నాకు తూకం సెప్తావేటి? తూకమంటే తరుగు తియ్యాలి. గోనెకి రెండు, తడికి రెండు, సింతపిక్కకి ఒకటి, అన్నాను. గోనేదీ అన్నాడు. ఈ లుంగీ ఏటి మరి? సెమట తడి కాదా? ఎముకలు పిక్క కాదా? ఆడు లెక్క సూసుకుని, బుర్ర గోక్కుని, యాభై ఏడు రాసుకున్నాడు!”

కొండ మీంచి చింతపండు బస్తాలు దించుకొచ్చి, తూకం కోసం కాచుక్కూర్చున్న వాళ్లలో ఒకామె, రాజులమ్మ, “మాకూ అలాగే తీస్తన్నావు కదా సావుకారూ,” అంది.

“సూసినారా, సాచ్చికం! ఆ తర్వాత ఏటైందో తెలుసా? ఇరానోడు వొచ్చినాడు. బస్తాకి అడ్డమెట్టినట్టు మోకాలు అడ్డమెట్టి ఒక్క ఎత్తు ఎత్తినాను. పైకెళ్లిపోనాడు. ఎంతకీ దిగడే! రిఫరీ, నానూ కూకుని చెరో టీ తాగినాం. ఈలోపు జపానోణ్ని పిలిసినారు. ఆడొచ్చి దండం ఎడతన్నాడు, ఇరానోడు దిగి సరిగ్గా ఆడి మీద పడ్డాడు. రెండు కుస్తీలూ నావే అన్నారు! ఇంక ఫైనల్లో మంగోలియావోణ్ని కిందేసిన దెబ్బకి ఇక్కడ బొర్రా గుహల్లో రాళ్లు రాలినాయి, కిరండూలు రైలు అరగంట ఆపేసినారు. కావాలంటే టేసన్లో అడగండి.”

పొద్దున్నుంచి ముఖం ముడుచుకున్న ప్రేమ్‌కుమార్ పకపకా నవ్వేశాడు. “మరి పతకం ఏది మావా?”

“ఇచ్చినారు. సేత్తో తూసి సూత్తే బరువు తక్కువున్నాది. మీకాడే ఉంచుకోండని తిరిగిచ్చేసినాను. వరహాలరావుకి తప్పుడు తూకమంటే పడదు.”

“ఓలమ్మో, పడదంట!” రాజులమ్మ లేచి నిలబడింది. “ఇరవై కేజీల బుట్ట నీ కాటా ఎక్కితే పంతొమ్మిదే సూపిస్తాది. తరుగు ఆ తర్వాత తీస్తావు. ఈ గుంటడు పొద్దున్న ఎక్కినాడన్నావే, అది ఆ కాటాయేనా?”

కొట్టు ముందున్న వాళ్లంతా గొల్లుమన్నారు. ప్రేమ్‌కుమార్ నవ్వు మాత్రం ఆగిపోయింది. వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

“ఇరవైకి ఒకటంటే... మావా, నేను అరవై ఉన్నానా? నిజం చెప్పు. కాటా మంచిదేనా?”

చింతపండు తెచ్చిన వాళ్లందరూ వరహాలరావు నోటికేసే చూస్తున్నారు. ఆయన మేనల్లుడి ముఖంలోకి చూశాడు. వాడి చేతిలోంచి టీ గ్లాసు లాక్కుని దూరంగా పెట్టేశాడు.

“అరవైరా నాయనా, అరవై! రాజులమ్మ సెప్పింది నిజం, ఆ కాటా ఇరవైకి ఒకటి తినేస్తాది. బస్సెక్కకు, సాలూరు దాకా పరిగెట్టు!”